పోయిన ఫ్యూజు, పోని దోషము

చిత్రావతీ తీరమున కుగ్రామముగా నుండిన పుట్టపర్తికి 1940 ప్రాంతమున వచ్చిన యాత్రికులు పెనుగొండలో రైలు దిగి, బస్సులో బుక్కపట్టణము చేరి, అటుపై ఎద్దులబండి యెక్కెడివారని పాతతరమువారు చెప్పుదురు. 1950 లో సత్యసాయిబాబా ఆశ్రమమగు ప్రశాంతి నిలయము వెలసిన పిదప బాటలు బాగుపడినవి; 1990 లో విమానాశ్రయము, 2000 లో రైల్వే స్టేషను ఏర్పడినవి; 2022 ఏప్రిల్ నుండి ఈ యూరు శ్రీ సత్యసాయి జిల్లాకు ముఖ్యపట్టణమైనది. ఇన్ని సౌకర్యములు కలిగినను, దేశాంతరమునుండి దేవనహళ్ళి విమానాశ్రయమున దిగు భక్తునకు నేటికిని ఆధారమైనది అద్దెకారే. ఆ కారు బాగేపల్లి, చిక్కబళ్ళాపురముల మీదుగా పోవుచు వచ్చుచు, వచ్చిన బేరమును బట్టి పగలనక రేయనక తిరుగుచుండును. తెల్లవారుజాము విమానమునకు అందవలసిన వారికొరకు నడిరాత్రి బయలుదేరుచుండును. అట్టి నడిరాత్రివేళ, జాతీయ రహదారిపై లారీలు వెన్నంటి వచ్చుచుండగా, కారు వెనుక దీపములును, డ్రైవరు ముందున్న మీటర్ల వెలుగును ఒక్క క్షణమున ఆరిపోవుట యెంత ప్రమాదకరమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇట్టి కారు నొకదానిని ఊహింతము. డ్రైవరు ప్రక్కకు నిలిపి, స్టీరింగు క్రింది మూత తీసి, సెల్‌ఫోను వెలుగులో చూచును. ఎర్రని 10 ఆంపియర్ల ఫ్యూజు పోయియుండును. జేబులోని మరియొక ఫ్యూజు పెట్టగనే దీపములు వెలుగును, ప్రయాణము సాగును, సంగతి మరపున పడును. కొన్ని దినములు గడచిన పిదప, మరియొక రాత్రి, మరల అదియే. ఈమారు ఊరిలో మెకానికు వద్దకు పోగా, అతడు బల్బులు మార్చును. మరికొన్నాళ్ళకు స్విచ్చి మార్చును. అటుపై రిలే మార్చును. మార్చిన ప్రతిమారును కొన్ని దినములు బాగుండుటచే, మార్చిన వస్తువే దోషకారణమను భ్రమ ఇరువురకును కలుగుచుండును. తానై వచ్చి తానై పోవు లోపమునకు గల మాయ యిదియే: ఏ చికిత్సయు చేయకున్నను కొన్నాళ్ళు తగ్గియుండెడిదే గనుక, ఏ చికిత్స చేసినను ఫలించినట్లే తోచును.

పూర్వము మూడవనాటి చలిజ్వరము, నాలుగవనాటి చలిజ్వరము అని జ్వరములకు పేర్లుండెడివి. వైద్యుడు నాడి పట్టుటకు ముందే, ఏ దినమున వచ్చినది, ఏ జామున చలి పుట్టినది అని ప్రశ్నించెడివాడు. కారు దోషమునకును వైద్యమిచ్చటనే ఆరంభింపవలెను. ఫ్యూజు పోయినపుడు దీపములు వేసియుండెనా? బ్రేకు త్రొక్కియుండెనా? గుంతలో చక్రము పడెనా? వాన కురియుచుండెనా? ఇంజను కాగియుండెనా, చల్లగా నుండెనా? ఈ ప్రశ్నలకు ఉత్తరములు డ్రైవరు వద్ద తప్ప మరెవ్వరివద్దను లేవు. అతడు ఆ క్షణమున కొంచెము గమనించి, డ్యాషుబోర్డులో నుంచిన డీజిల్ బిల్లు వెనుకనైన రెండు మాటలు వ్రాసికొనెనేని, ఎలక్ట్రీషియను శ్రమలో సగము తీరిపోవును.

ఫ్యూజనగా నేమి? పరిమితికి మించి విద్యుత్తు ప్రవహించినపుడు తాను కరగి వలయమును ఛేదించుటకై ఉద్దేశపూర్వకముగా బలహీనముగ చేసిన సన్నని లోహపు పట్టీ. నేటి కార్లలో నుండు ప్లాస్టికు ఫ్యూజులకు రంగు గుర్తులు కలవు: ఎరుపు 10 ఆంపియర్లు, నీలము 15, పసుపు 20, ఆకుపచ్చ 30. ఫ్యూజు పోయినదనగా అది చెడినదని యర్థము కాదు. దాని వెనుకనెచ్చటనో తీగ ఇనుమును తాకుచున్నదనియో, ఏదో యొక మోటారు బిగిసి అధికముగ కరెంటు లాగుచున్నదనియో భావింపవలెను. ఇట్లుండగా, విసిగిన డ్రైవర్లు కొందరు ఎరుపు తీసి ఆకుపచ్చ పెట్టుదురు. మరికొందరు, అదియు దొరకని రాత్రి, సిగరెట్టు పెట్టెలోని తగరపు కాగితమునో, రాగితీగ ముక్కనో చుట్టి పెట్టుదురు. ఆ పిదప ఫ్యూజు పోదు, నిజమే. పోవలసివచ్చినపుడు తీగయే ఎర్రగ కాలి, తనతోడి తీగల తొడుగులనెల్ల కరగించి, పొగయై పైకి వచ్చును. మూడు రూపాయల వస్తువు చేయవలసిన త్యాగమును కారు చేయును. ఇందు మాత్రము రాజీ యెంతమాత్రమును పనికిరాదు.

మనము ఊహించిన కారు తుదకు నిజముగ పనితెలిసిన యొక వైరింగు షాపునకు చేరినదనుకొందము. అచ్చట జరుగు సంభాషణ మిక్కిలి చిన్నది.

"అన్నా, మొన్న ఏసిందే, మళ్ళా పాయ."

"మొన్న పొయ్యేటప్పుడు డిక్కీలో లగేజి ఉండెనా?"

"ఉండె. నలుగురు ఫారినర్లు, పెద్ద పెద్ద పెట్టెలు."

"అంతకుముందు పొయినప్పుడు?"

డ్రైవరు క్షణమాలోచించి, అప్పుడును బరువే యుండెనని చెప్పును. ఎలక్ట్రీషియను మరేమియు పలుకక, ఆ వలయమునకు చెందిన బల్బులన్నియు ఊడదీసి, ఫ్యూజు తీసిన రెండు రంధ్రములలో రెండు తీగ కొనలను గ్రుచ్చి, వాని నడుమ 21 వాట్ల ఇండికేటరు బల్బు నొకదానిని తగిలించి, దీపముల స్విచ్చి వేయును. ఈ చిన్న యుపాయములోని తెలివి మెచ్చదగినది. బల్బులన్నియు తీసివేయబడినవి గనుక ఆ వలయములో కరెంటు పోవుటకు సహజమైన దారి యేదియు లేదు. కావున పరీక్షాదీపము వెలుగరాదు. అది వెలిగెనేని, తీగ యెచ్చటనో ఇనుమును తాకుచున్నదన్నమాట. ఫ్యూజునైతే అట్టి స్పర్శ తత్క్షణమే చంపును. ఈ బల్బును చంపజాలదు. ఎంత షార్టు జరిగినను 21 వాట్ల బల్బు గుండ ప్రవహింపగల కరెంటు రెండు ఆంపియర్లకు లోపే యగుటచే, తీగ వేడెక్కదు, ఫ్యూజులు వ్యర్థము కావు, వెదకువాడు నెమ్మదిగ వెదకవచ్చును.

ఇక నతడు డ్యాషుబోర్డు క్రింద తీగలకట్టను కదపును, దీపము వెలుగదు. తలుపు గడప ప్రక్కన తివాచీ యెత్తి నొక్కును, వెలుగదు. వెనుక సీటు తీసి లాగును, వెలుగదు. పిమ్మట డిక్కీ మూతను పైకెత్తి, అరచేతితో మెల్లమెల్లగ క్రిందికి దింపును. మూత సగము దిగునప్పటికి, ముందర డ్యాషుబోర్డు కడ వ్రేలాడు బల్బు భగ్గున వెలుగును. మరల ఎత్తగా ఆరును, దింపగా వెలుగును. నంబరు ప్లేటు దీపమునకు పోవు తీగ, డిక్కీ కీలు ప్రక్కనుండి నల్లని రబ్బరు గొట్టములో పోవుచుండును. ఆ గొట్టమును గోటితో చీల్చి చూడగా, లోపలి తీగ తొడుగు పగిలి, రాగి పోగులు నల్లబడి, సగము తెగియుండును. ఎదుట, కీలు అంచున, రంగు గీచుకొనిపోయిన చోట ఇనుము వెండివలె మెరయుచుండును. లగేజి హెచ్చుగ నున్ననాడు మూతను బలముగ నొక్కి వేయుటయు, పెట్టె యంచు గొట్టమును ఆ కీలువైపునకు త్రోయుటయు, గుంతలో బండి యెగిరినపుడు రెండును తాకుటయు సంభవించుచున్నవి. సొంతకారు డిక్కీ వారమున కొకటి రెండుమారులు తెరచుకొనును. యాత్రికులను మోయు కారు డిక్కీ దినమునకు పెక్కుమారులు తెరచుకొనును. ప్రతి తెరపునను ఆ తీగ ఒకే చోట వంగుచున్నది. ఈ నేలపైని యెండలో ప్లాస్టికు తొడుగు కొన్నేండ్లకే బిరుసెక్కి పగులును. బల్బులు, స్విచ్చి, రిలే, వీనిలో నే యొక్కదానికిని ఈ నేరముతో సంబంధము లేదు.

మరమ్మతునందును తారతమ్యము కలదు. పగిలిన చోట నల్లటేపు చుట్టి పంపుట సులభము. వేసవిలో టేపు జిగురు కరగి జారిపోవును, నెలలు తిరుగకుండ కారు మరల వచ్చును. తెగిన భాగమును తీసివేసి, అదే లావుగల క్రొత్తతీగను చేర్చి, అతుకును కీలుకు దూరముగ, వంగని చోట పెట్టి, దానిపై వేడికి ముడుచుకొను గొట్టమును తొడిగి, మూత పూర్తిగ తెరచినపుడు తీగ బిగియకుండునంత వదులు వదలి, కీలు అంచును ఆకురాయితో నునుపు చేయుట నిజమైన పని. దీనికి వస్తువుల ఖర్చు మిక్కిలి స్వల్పము, పట్టునది కాలము.

ఆ కాలమునకు వెల కట్టుట యెట్లు? మన యలవాటు వింతయైనది. బల్బుకు, స్విచ్చికి, రిలేకు అడిగినంత చెల్లించుటకు వెనుదీయము. చేతిలో క్రొత్తడబ్బా పెట్టినారు గదా యని తృప్తిపడుదుము. గంటసేపు వెదకి, రెండంగుళముల తీగ వేసి, తగిన కూలి యడిగినవానితో మాత్రము, "తీగముక్క కింత యేమి?" యని బేరమాడుదుము. ఇట్లు మనము చెల్లించునది వస్తువునకే యైనపుడు, వస్తువులు మార్చు మెకానికులే మనకు లభించుటలో ఆశ్చర్యమేమి? దోషము మరల మరల వచ్చుటకు తీగ యెంత కారణమో, మనము బిల్లు చెల్లించు పద్ధతియు నంత కారణమని నా యభిప్రాయము. పని అప్పగించుటకు ముందే "వెదకుటకు ఇంత, మరమ్మతుకు ఇంత" యని వేరువేరుగ మాటాడుకొనుట ఇరువురకును గౌరవప్రదము. వెదకి, ఏమియు మార్చనక్కరలేదని తేల్చినవానికిని మొదటి సొమ్ము న్యాయముగ చెందవలసినదే.

మరియొక తెగ దోషము కలదు; ఇది దీపములార్పదు, తెల్లవారునప్పటికి బ్యాటరీని దింపివేయును. సెల్ఫు కొట్టగా టకటకమను శబ్దమే తప్ప ఇంజను కదలదు. నలుగురు కలసి తోయగా కదలును. సాయంకాలము వరకు బాగుండి మరునాడు ఉదయము మరల అదియే కథ. 1859 లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే నిర్మించిన సీసపు బ్యాటరీయే, రూపము మారినను, నేటికిని మన కారులో నున్నది: ఆరు గదులు, గదికి రెండు వోల్టులకు పైచిలుకు, నిండుగనున్నపుడు మొత్తము 12.6 వోల్టులు. ఇంజను నడచుచుండగా ఆల్టర్నేటరు దానిని సుమారు 14 వోల్టులతో నింపుచుండును. మల్టీమీటరుతో ఈ రెండు కొలతలు తీయుట కైదు నిమిషముల పని. నడచునపుడు 13.5 కంటె తక్కువయైనచో నింపువానియందు లోపము. 15 దాటినచో రెగ్యులేటరునందు లోపము, అది బ్యాటరీని ఉడికించి చంపుచున్నదన్నమాట. రెండును సరిగనుండియు ఉదయమునకు దిగిపోవుచున్నచో, రాత్రివేళ ఎవరో కరెంటు త్రాగుచున్నారు.

ఈ రాత్రిచోరులు పెక్కుమంది. మూత మూసినను ఆరని డిక్కీ దీపము. తాళము తీసినను నిద్రింపని పాటలపెట్టె. యజమాని బండి జాడ తెలిసికొనుటకై పెట్టించిన జీపీఎస్ పెట్టె. బజారులో కొని, నేరుగ బ్యాటరీకి కలిపిన కెమెరా. ఆగిన కారు గడియారము మొదలగు వానికై 50 మిల్లీ ఆంపియర్ల వరకు తీసికొనుట సాధారణము. 35 ఆంపియర్-గంటల బ్యాటరీ ఆ లెక్కన నెలకు గాని పూర్తిగ దిగదు. అదే సగము ఆంపియరు పోవుచున్నచో, దినమునకు 12 ఆంపియర్-గంటలు. మూడవ దినమునకు బండి మూలబడును. దీనిని పట్టుటకు నెగటివ్ తీగను విప్పి నడుమ ఆమ్మీటరు పెట్టి, తలుపులన్నియు మూసి, కారులోని కంప్యూటరు పెట్టెలు నిద్రించువరకు అరగంట వేచియుండి, పిమ్మట ఫ్యూజుల నొక్కొక్కటిగ తీయవలెను. ఏ ఫ్యూజు తీయగ ముల్లు పడిపోవునో, దొంగ ఆ వలయమున నున్నాడు. ఆ అరగంట ఓపిక లేక, అప్పుడే మూసిన కారు సహజముగ త్రాగు కరెంటునే దోషమని భ్రమించువారు లేకపోలేదు.

దొంగయెవ్వడును లేకయే బ్యాటరీలు త్వరగ చచ్చు నేల కూడ ఇది. సాలీనా 550 మిల్లీమీటర్ల చుట్టుప్రక్కల వర్షపాతముతో, మే నెలలో 40 డిగ్రీలు దాటు ఉష్ణోగ్రతతో నుండు ఈ పీఠభూమిలో, ఇంజను ప్రక్కన నుండు బ్యాటరీ పడు బాధ యింతింత కాదు. వేడి పది డిగ్రీలు పెరిగినచో రసాయనక్రియల వేగము రమారమి రెట్టింపగును, పలకలు అంత త్వరగ క్షీణించును, నీరు ఆవిరియగును. ఆవిరియగునది నీరే గాని యామ్లము కాదు గనుక, తగ్గినపుడు పోయవలసినది డిస్టిల్డ్ వాటరే. కాని త్రోవలో దగ్గరనున్నది బోరునీరు! ఈ ప్రాంతపు భూగర్భజలము కఠినమై, ఫ్లోరైడుతో గూడియుండుట చేతనే గదా, 1995 లో సత్యసాయి తాగునీటి పథకము వందలాది గ్రామములకు మంచినీరు నందించుటకు ఆరంభమైనది. త్రాగుటకు అమృతప్రాయమైన ఆ మంచినీరును బ్యాటరీకి పనికిరాదు; అందలి క్లోరైడు పలకలను తినును, ఇనుము లేశమున్నను బ్యాటరీ తనలో తానే ఖర్చైపోవును. నీరు పోయనక్కరలేని సీలు బ్యాటరీలు వచ్చినవి. తిరుపతి సమీపమున కరకంబాడిలోనే అమరరాజా సంస్థ వానిని తయారుచేయుచున్నది. అవియైనను ఎండకు అతీతములు కావు.

దోషములన్నిటిలో నెక్కువగ ఏమార్చునది ఎర్తు దోషము. కారులో ప్రతి దీపమునకును పోవుటకే తీగ కలదు, తిరిగి వచ్చుటకు బాడీ ఇనుమే దారి. ఆ యినుమునకు తీగ బిగించిన మర క్రింద తుప్పో, దుమ్మో, పెయింటో చేరినచో, కరెంటు తన దారి మూసికొనిపోగా పొరుగు దీపముగుండ తిరిగిపోవ యత్నించును. కుడి ఇండికేటరు వేయగా బ్రేకు దీపము కన్నుగీటుట, బ్రేకు త్రొక్కగా వెనుక దీపములు మందగించుట, ఇట్టి చోద్యములు కనబడినపుడు బల్బుల జోలికి పోక ఎర్తు మర వెదకవలెను. సెల్ఫు విషయమునను అంతే. 1827 లో జర్మను పండితుడు ఓమ్ ప్రకటించిన సూత్రము ఇచ్చట కంటికి కట్టినట్లు పనిచేయును: బ్యాటరీనుండి ఇంజనునకు పోవు ఎర్తు పట్టీలో నూరవవంతు ఓము అడ్డున్నను, సెల్ఫు మోటారు 150 ఆంపియర్లు లాగునపుడు ఒకటిన్నర వోల్టు అచ్చటనే హరించిపోవును. బండి నిలిచియున్నపుడు మీటరు 12.6 చూపుచునే యుండును, బ్యాటరీ మంచిదేయని తేలును, సెల్ఫు మాత్రము తిరుగదు. అందుచే మీటరు కొనలను బ్యాటరీ నెగటివ్ మొనపై నొకటి, ఇంజను ఇనుముపై నొకటి యుంచి, సెల్ఫు కొట్టుచుండగా చూడవలెను. అర వోల్టు దాటెనేని పట్టీ విప్పి, రెండు కొనలను ఇసుకకాగితముతో రుద్ది బిగించుటతో వ్యవహారము సమాప్తమగును. ఇట్టి పని చేయకయే మంచి బ్యాటరీలను, మంచి సెల్ఫు మోటార్లను మార్చిన సందర్భములు లెక్కకు మిక్కిలి యుండును.

అంబాసిడరు కాలమున ఈ వేదన యింతగ లేదని వృద్ధ డ్రైవర్లు నిట్టూర్చుట కద్దు. 1957 నుండి ఉత్తరపారాలో తయారైన ఆ బండి, ఇంగ్లాండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు కారునకు ప్రతిరూపము. 2014 వరకు నిలిచినది. బ్యాటరీ దిగినను హ్యాండిలు పెట్టి త్రిప్పినచో ఇంజను లేచెడిది. ఉన్న తీగలు కొద్ది. అవియు కంటికి కనబడెడివి. కాని నాటి విద్యుత్పరికరములు నిర్దోషములని చెప్పుట పొరపాటు. బ్రిటిషు కార్లకు దీపములు, డైనమోలు సమకూర్చిన లూకాస్ సంస్థ స్థాపకుడు జోసెఫ్ లూకాస్‌ను ఆ కార్ల యజమానులే "చీకటి రాకుమారుడు" అని హాస్యముగ పిలిచెడివారు. డైనమో, ఇంజను నెమ్మదిగ తిరుగునపుడు బ్యాటరీని నింపజాలదు. ఊరిలో నడచి, దీపములు వేసిన బండి మెల్లగ దిగిపోవుట నాడును కలదు.

వేరుశనగ పండు జిల్లాలో మరియొక శత్రువును చెప్పక తీరదు. కళ్ళముల దగ్గర, గిడ్డంగుల ప్రక్కన రాత్రులు నిలిపిన కార్లలో ఎలుకలు చేరి, ఇంజను వేడిలో పండుకొని, తీగల తొడుగులు కొరుకును. వాని ముందరి పండ్లు జీవితాంతము పెరుగుచుండుటచే అవి యేదైనను కొరుకక తీరదు. బానెటు తెరచి గింజల తొక్కలు, పెంటికలు కనబడినచో వెదకుట అచ్చటనే ప్రారంభింపవలెను.

2019 లో పెనుగొండ సమీపమున ఎర్రమంచిలో కియా కర్మాగారమునుండి మొదటి సెల్టోస్ కార్లు వెలువడినది మొదలు, కంప్యూటర్లతో నిండిన వాహనములు ఈ జిల్లాకు పొరుగింటి సరకైనవి. 1986 లో బోష్ సంస్థ లోకమునకు చూపిన పద్ధతి ననుసరించి, అట్టి కార్లలో పెనవేసిన రెండు తీగలపైననే పదులకొలది కంప్యూటరు పెట్టెలు పరస్పరము సందేశములు పంపుకొనుచుండును. లోపము కలిగినపుడు కోడు సంఖ్య నొకదానిని జ్ఞాపకముంచుకొనును. స్కానరు చూపిన ఆ కోడును తీర్పుగ గ్రహించి, పేరున్న సెన్సారును మార్చివేయుట క్రొత్తకాలపు బల్బుమార్పిడి. కోడు చెప్పునది ఆ సెన్సారు వలయములో వోల్టేజి అసహజముగ నున్నదని మాత్రమే. తీగ తెగినను, కనెక్టరులో పచ్చని తుప్పు పట్టినను, ఎర్తు వదులైనను అదే కోడు వచ్చును. బ్యాటరీ బలహీనమైన ఉదయము సెల్ఫు కొట్టునపుడు వోల్టేజి పడిపోవుటచే, ఒకదానితో నొకటి పొంతనలేని కోడులు అరడజను ఒక్కమారుగ పుట్టుటయు కలదు. అట్టిచో మొదట చూడవలసినది బ్యాటరీనే. మరియు, పని ఆరంభింపబోవుచు అలవాటుగ బ్యాటరీ తీగ విప్పు మెకానికును ఆపి, స్కానరు పెట్టి కోడులను, ఆ క్షణమున ఇంజను వేగము, వేడి యెంతో చూపు వివరములను కాగితముపై వ్రాయించుకొనవలెను. కొన్ని కార్లలో తీగ విప్పినంతనే అవి తుడిచిపెట్టుకొనిపోవును, దోషము మరల వచ్చువరకు వేచియుండుట తప్ప గతి యుండదు.